రోజూ రాత్రి రెండు ప్యాకెట్లు: ఒక హాస్టల్ అమ్మాయి కేసు

ఆ అమ్మాయి మా క్లినిక్‌కు వచ్చింది జుట్టు రాలుతోందని. వయసు 24. ఊరు మహబూబాబాద్ వైపు. డిగ్రీ అయ్యాక గ్రూప్స్‌కు చదువుకుంటూ రెండేళ్లుగా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటోంది. పొద్దున కోచింగ్, తర్వాత రాత్రి దాకా చిక్కడపల్లి లైబ్రరీ. ఆ రోజు వెంట వాళ్లమ్మ కూడా వచ్చింది. అమ్మాయి జుట్టు గురించి చెబుతుంటే తల్లి మధ్యలోనే అందుకుంది.

"జుట్టు సంగతి తర్వాత మేడం. ఇది రోజు రాత్రి ఏం తింటదో అడగుండ్రి ముందు."

తినేది ఇన్‌స్టంట్ నూడుల్స్. రోజూ రెండు ప్యాకెట్లు. పద్నాలుగు నెలలుగా అదే రాత్రి భోజనం.

ఈ కేసు రాయడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. పదిహేడేళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నూడుల్స్ అనగానే "మానేయండి" అని ఒక్క మాటలో తేల్చేసిన రోజులు నాకూ ఉన్నాయి. ఈ అమ్మాయికీ మొదట అదే చెప్పాను. అది పనిచేయలేదు సరికదా, పరిస్థితి ఇంకా పాడైంది. ఎందుకలా జరిగిందో వివరంగా రాస్తే హాస్టళ్లలో, బ్యాచిలర్ రూముల్లో ఉండే పిల్లలకు, వాళ్ల గురించి ఊళ్లో బెంగపడే అమ్మానాన్నలకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మొదటి రోజు చూసినవి

ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు కొలత, 24 పైచిలుకు. మన భారతీయులకు 23 దాటితేనే అధిక బరువు కింద లెక్క, కాబట్టి ఆ అమ్మాయి ఆ గీత దాటింది. హాస్టల్‌లో చేరినప్పుడు 53 ఉండేదట. బీపీ 126/82. ఈ వయసుకు నాకు నచ్చే అంకె కాదు, అలాగని జబ్బూ కాదు. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బుగా ఉంటుందని, మెట్లెక్కితే ఆయాసం వస్తోందని చెప్పింది. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. రక్తపరీక్షకు పంపితే హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఆడవాళ్లకు 12 కంటే తగ్గితే రక్తహీనత. 9.4 అంటే మధ్యస్థాయి రక్తహీనత, తేలిగ్గా వదిలేసే సంగతి కాదు. థైరాయిడ్, షుగర్ మామూలుగానే ఉన్నాయి.

రక్తహీనత చూసి నేనేమీ ఆశ్చర్యపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. నూడుల్స్ ముఖం చూడని ఇళ్లలోనూ ఉంది. అందుకే జుట్టు రాలడం దగ్గర్నుంచి ఆయాసం దాకా అన్నీ ప్యాకెట్ నెత్తిన రుద్దడానికి నాకు మనసొప్పలేదు. తల్లికి మాత్రం సందేహమే లేదు.

ముందురోజు పొద్దుట్నుంచి ఏమేం తిన్నావో వరసగా చెప్పమన్నాను. పొద్దున ఏడింటికి టీ, నాలుగు బిస్కెట్లు. పదకొండుకు మళ్లీ టీ. మధ్యాహ్నం మెస్‌లో అన్నం, పల్చటి పప్పుచారు, ఆలుగడ్డ కూర, పచ్చడి. కూర బాగా లేకపోతే పచ్చడితోనే కానిచ్చేస్తుంది. సాయంత్రం లైబ్రరీ బయట రెండు మిర్చి బజ్జీలు, టీ. రాత్రి పదిన్నరకు రూముకు వచ్చాక కెటిల్‌లో రెండు ప్యాకెట్లు. పన్నెండింటి దాకా చదువు. మధ్యలో ఆకలేస్తే బిస్కెట్లు.

రోజంతా కలిపి పండు లేదు, పాలంటే టీలో పోసినవే, ఆకుకూర లేదు, గుడ్డు లేదు. ఆదివారం మెస్‌లో చికెన్ పెడతారు, అదొక్కటే ఊరట.

"రాత్రి మెస్‌లో ఎందుకు తినవమ్మా?" అని అడిగాను.

"మెస్సు తొమ్మిదిన్నరకే బందు మేడం. నేను లైబ్రరీల నుంచి వచ్చేసరికి పది దాటుతది. రూంల స్టవ్ పెట్టనియ్యరు. కెటిల్ ఒక్కటే పెట్టుకోనిస్తరు. ఇంక ఏం తినాలె?"

ఈ మాటలోనే కేసంతా ఉంది. ఆ రోజు నేను దాన్ని రాసుకున్నానే గాని పట్టించుకోలేదు.

ఉప్పు కుప్పలు

ఆ అమ్మాయి సంచిలోంచి ఒక ప్యాకెట్ తీసింది, తల్లి బలవంతం మీద తెచ్చిందట. ముగ్గురం కలిసి వెనక రాసింది చదివాం. ప్యాకెట్ 70 గ్రాములు. పట్టికలో మొదటి నిలువు వరస అంకెలన్నీ 100 గ్రాములకు ఇచ్చినవి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆ అంకెల్ని ఒక ప్యాకెట్‌కు లెక్కగట్టుకోవాలి, తర్వాత మనం ఎన్ని ప్యాకెట్లు తింటామో అన్నింటితో గుణించుకోవాలి. ఈ అమ్మాయి తినేది రెండు కాబట్టి 140 గ్రాములు. కాగితం మీద లెక్క వేస్తే రాత్రి భోజనం ఇలా తేలింది: దాదాపు 600 కేలరీలు, 20 గ్రాములకు పైన కొవ్వు, 11 గ్రాముల ప్రొటీన్, 1,500 మిల్లీగ్రాముల సోడియం.

సోడియం అంటే వాళ్లమ్మకు తెలియలేదు. తెలియకపోవడం తప్పు కాదు, లేబుల్ మీద ఉప్పు అని రాయరు మరి. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. నా టేబుల్ మీద వంటింటి త్రాసు ఎప్పుడూ ఉంటుంది. తెల్లకాగితం పరిచి 5 గ్రాముల ఉప్పు తూచి ఒక కుప్ప పోశాను. "ఇది మనిషికి రోజు మొత్తానికి" అన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ, మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ ఇదే హద్దు. పక్కనే ఇంకో కుప్ప, 3.75 గ్రాములు. "ఇది నీ రెండు ప్యాకెట్లలోది."

అమ్మాయి వేలితో చిన్న కుప్పను కొంచెం పరిచి చూసింది. రెండు కుప్పలకూ పెద్ద తేడా కనబడలేదు. "మరి మధ్యాహ్నం పచ్చడి మేడం?" అని తనే అడిగింది. రెండో కుప్ప పక్కన ఇంకొంచెం పోశాను. బజ్జీలకు ఇంకొంచెం. మూడు కలిపితే మొదటి కుప్ప కంటే పెద్దదైంది. పొద్దున కళ్ల కింద ఉబ్బు ఎక్కడిదో నేను వేరే చెప్పక్కర్లేకపోయింది.

తల్లికి ఇంకో రెండు అనుమానాలున్నాయి. "దీంట్ల మైనం ఉంటదట గద మేడం? కడుపుల పేరుకుంటదట గద?" ఈ మాట నేను వినని వారం ఉండదు. ఒక గాజుగిన్నెలో నూడుల్స్ బిళ్ల వేసి వేడినీళ్లు పోశాను. నీళ్ల మీద చిన్నచిన్న నూనె చుక్కలు తేలాయి. మైనం అనుకునేది ఆ నూనెనే. ఫ్యాక్టరీలో పిండిని పోగులుగా కోసి, ఆవిరి మీద ఉడికించి, 140 నుంచి 160 డిగ్రీల వేడి నూనెలో ఒకటి రెండు నిమిషాలు వేయిస్తారు. ఎక్కువగా పామాయిలే వాడతారు. లోపలి తేమ ఆవిరైపోయి, అది వదిలిన సందుల్లోకి నూనె చేరుతుంది. ఆ సందుల వల్లే వేడినీళ్లు పోయగానే రెండు నిమిషాల్లో మెత్తబడతాయి. తేమ లేదు కాబట్టే నెలల తరబడి పాడవవు, అదేదో మందు కలపడం వల్ల కాదు. మన వడియాలు, చల్లమిరపకాయలు ఏడాదంతా ఎందుకుంటాయో ఇవీ అందుకే ఉంటాయి. వేయించినవాటిలో కొవ్వు బరువులో 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. వేడిగాలితో ఆరబెట్టిన రకాలూ దొరుకుతాయి, వాటిలో 5 శాతం లోపే. కొనేటప్పుడు లేబుల్ మీద కొవ్వు వరస ఒక్కటి చూసుకుంటే చాలు.

లేబుల్ మీదున్న నంబర్లు చూసి కూడా ఆమె భయపడింది. 412 అంటే గోరుచిక్కుడు గింజల నుంచి తీసే జిగురు. అవును, మనం కూర వండుకునే గోరుచిక్కుడే. 500, 501 సోడా ఉప్పు జాతివి, పోగు సాగేలా చేసేవి, ఆ పసుపు ఛాయ ఇచ్చేవి అవే. నంబరు ఉన్నంత మాత్రాన విషం కాదు.

రెండో అనుమానం 2015 నాటిది. ఆ ఏడాది జూన్‌లో సీసం ఎక్కువగా ఉందంటూ మ్యాగీ అమ్మకాలను ఆహార భద్రత సంస్థ ఆపించింది. ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి మళ్లీ పరీక్షలు చేయించమంది. ఆ పరీక్షలు దాటాక నవంబరులో తిరిగి దుకాణాల్లోకి వచ్చింది. పదేళ్లు దాటినా ఊళ్లలో మొదటి సగమే గుర్తుంది. ఈ కేసులో నాకు సీసం మీద అనుమానం లేదు. నా దిగులు ఉప్పు మీద, అంతకంటే ఎక్కువగా ఆ గిన్నెలో లేనివాటి మీద.

నా మొదటి సలహా, అది చేసిన నష్టం

ఇంత లెక్క వేసి చూపించాక నేనేం చేశాను? "ఇవాళ్టి నుంచి నూడుల్స్ బంద్" అన్నాను. రాత్రికి రెండు పుల్కాలు, కూర, పెరుగు, ఒక పండు అని చార్టు రాసిచ్చాను. తల్లి ముఖం వెలిగిపోయింది. రక్తహీనత కోసం ఫిజీషియన్ దగ్గరికి పంపాను. ఆవిడ ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాశారు.

పదకొండు రోజులకే అమ్మాయి ఒంటరిగా వచ్చింది. ముఖం ఇంకా వాడిపోయి ఉంది.

"తిననన్న గద మేడం, తినలె. నిజంగ తినలె."

"మరి ఏం తిన్నావు?"

పుల్కా ఆ రాత్రప్పుడు దొరకలేదట. కర్రీ పాయింట్ దగ్గరికి పరుగెత్తుకెళ్లేసరికి కట్టేస్తున్నారట. రెండు రోజులు బయట ఫ్రైడ్ రైస్ తింది, డబ్బులు చూసుకొని మానేసింది. తర్వాత రాత్రికి బిస్కెట్ ప్యాకెట్, టీ. మూడు రాత్రులు ఏమీ తినకుండా పడుకుంది. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుంటే వికారమని నాలుగో రోజు నుంచి ఐరన్ మాత్ర కూడా ఆపేసింది. చదువు సాగలేదు. ఇదంతా తల్లికి చెబితే బాధపడుతుందని చెప్పలేదు.

అంటే నేను చేసిందేమిటి? 600 కేలరీల భోజనాన్ని తీసేసి ఆ చోట ఏమీ పెట్టలేదు. నేను రాసిచ్చిన చార్టు మంచిదే, కానీ వంటిల్లున్న ఇంటికి. రాత్రి పదిన్నరకు, ఒక్క కెటిల్‌తో, తోటి అమ్మాయిలు ముగ్గురున్న గదిలో అది కాగితం ముక్కే. "ఇంక ఏం తినాలె?" అని మొదటిరోజే అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా పంపించాను. ఆ పదకొండు రోజుల ఆకలి నా చేతి రాతే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ సాయంత్రం మిగతా అపాయింట్‌మెంట్లు అయ్యేదాకా కూర్చోమన్నాను. టీ బదులు మజ్జిగ ఇప్పించి, కొత్త కాగితం తీసుకొని మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాం. ఈసారి "ఏం మానేయాలి" అని అడగలేదు. "నీ గదిలో ఏమేం ఉన్నాయి, నీ దారిలో ఏం దొరుకుతాయి, రోజుకు ఎంత ఖర్చు పెట్టగలవు" అని అడిగాను.

గిన్నెలో లేనివి

నూడుల్స్‌లో ఏముందో అందరూ చూస్తారు. ప్రతి రాత్రీ అవి దేన్ని పక్కకు నెట్టేస్తున్నాయో చూడటం నా పని. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కేలరీల పళ్లెం ఒకటి ఉంది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, పల్లీలు, నువ్వుల లాంటి గింజలు 35, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు. ఈ అమ్మాయి రోజును దాని పక్కన పెడితే ధాన్యాల గడి నిండిపోయింది, నూనె గడి పొంగిపోయింది, మిగతావన్నీ దాదాపు ఖాళీ. అన్నం, బిస్కెట్, నూడుల్స్, మూడూ మూడు రూపాల్లో అదే పిండిపదార్థం. ఆడవాళ్లకు రోజుకు 46 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి, 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. నా లెక్కలో ఆ అమ్మాయి ప్రొటీన్‌లో మూడింట రెండు వంతుల దగ్గరే ఆగిపోయింది, ఐరన్‌లో సగం కూడా చేరలేదు. దానికి తోడు రోజుకు మూడు టీలు, అవీ తిండి పక్కనే. టీలోని టానిన్లు ఉన్న కాస్త ఐరన్‌నూ ఒంటబట్టనివ్వవు.

రెండు ప్యాకెట్లు తిన్నా పన్నెండింటికి మళ్లీ ఆకలి ఎందుకేస్తోందో కూడా ఇందులోనే తెలుస్తుంది. మైదా, నూనె ఉన్నాయి. పీచు, ప్రొటీన్ తక్కువ. నమలాల్సిన పని లేదు. ఫోన్ చూస్తూ ఐదు నిమిషాల్లో తినేస్తుందట. కడుపు నిండిన కబురు మెదడుకు చేరేలోపు గిన్నె ఖాళీ.

దక్షిణ కొరియాలో 2007 నుంచి 2009 దాకా సేకరించిన 10,711 మంది వివరాలతో 2014లో ఒక అధ్యయనం వచ్చింది. వారానికి రెండుసార్లు, అంతకు మించి ఇన్‌స్టంట్ నూడుల్స్ తినే ఆడవాళ్లలో మెటబాలిక్ సిండ్రోమ్ కనిపించే అవకాశం 68 శాతం ఎక్కువని తేలింది. అంటే నడుము చుట్టుకొలత, బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్ల లాంటివి కలిసి పెరగడం. మగవాళ్లలో అలాంటి సంబంధం కనబడలేదు. ఇది ఒకే కాలంలో తీసిన ఫొటో లాంటి అధ్యయనం, నూడుల్స్ వల్లే వచ్చిందని తేల్చి చెప్పదు. అయినా ఆ "వారానికి రెండు" అన్న అంకెను నేను గుర్తుపెట్టుకుంటాను. అక్కడి ప్యాకెట్లు పెద్దవి కూడా. 120 గ్రాముల కొరియన్ ప్యాకెట్ ఒక్కదానిలోనే కొన్నిసార్లు 1,700 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఇప్పుడు మన పిల్లలు ఎగబడుతున్నవి అవే.

కెటిల్ భోజనం

ఆ అమ్మాయిది వెడల్పు మూతి ఉన్న మల్టీ కెటిల్, హాస్టళ్లలో అందరి దగ్గరా ఉండేదే. అందులో గుడ్లు ఉడుకుతాయి. ప్యాకెట్ ధర, రెండు గుడ్ల ధర ఇంచుమించు ఒకటే. కాబట్టి రెండో ప్యాకెట్ మానేస్తే ఆ డబ్బుకే రెండు గుడ్లు వస్తాయి. ఈ ఒక్క మార్పు నుంచే కొత్త కాగితం మొదలైంది.

నూడుల్స్ తినే రాత్రి ఇలా: ముందు గుడ్లు కడిగి, నీళ్లలో వేసి గట్టిగా ఉడికించాలి. ఆ నీళ్లు పారబోసి కెటిల్ కడగాలి. మళ్లీ నీళ్లు మరిగించి గుప్పెడు పెసర మొలకలు వేయాలి. పెసలు పొద్దున నానబెట్టి, మధ్యాహ్నం తడిగుడ్డలో కట్టి కిటికీకి వేలాడదీస్తే మర్నాటి రాత్రికి మొలకలొస్తాయి. నాలుగు నిమిషాలయ్యాక ఒక టమాటా, కత్తెరతో కత్తిరించిన గుప్పెడు పాలకూర, ఒక ప్యాకెట్ నూడుల్స్. మసాలా సగమే. మిగతా సగం పారేయాలి, దాచుకుంటే రేపు ఒకటిన్నర పడుతుంది. దించాక నిమ్మచెక్క పిండుకోవాలి. నిమ్మ పులుపు మసాలా లోటును కప్పేస్తుంది, పాలకూర, పెసల్లోని ఐరన్‌ను ఒంటికి పట్టిస్తుంది. జావలా మిగిలిన నీళ్లు తాగొద్దు, ఉప్పు దిగేది అందులోకే.

కేలరీలు దాదాపు 550, అంటే పాతవాటికి దగ్గరే. ప్రొటీన్ 11 నుంచి 25 గ్రాములకు పెరిగింది. సోడియం సగం కంటే తక్కువకు వచ్చిందని నా అంచనా. నూడుల్స్ బిళ్లలోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి సగం మసాలా వేస్తే ఉప్పు కూడా సరిగ్గా సగమవుతుందని అనుకోకూడదు.

ఇది వారానికి మూడు రాత్రులకే. మిగతా నాలుగు రాత్రులకు స్టవ్ అక్కర్లేనివి చూశాం. అటుకులు కడిగి, పెరుగు కలిపి, వేయించిన పల్లీలు, ఉల్లిపాయ వేసుకోవడం ఒకటి. ఇంకోటి లైబ్రరీకి వెళ్లేటప్పుడే మధ్యాహ్నం మెస్‌లో అడిగి డబ్బాలో అన్నం పెట్టించుకోవడం అనుకున్నాం, కానీ ఎండాకాలం రాత్రి దాకా అన్నం పాడవుతుందని దాన్ని కొట్టేశాం. దాని బదులు తొమ్మిదికి లైబ్రరీలోంచి పావుగంట బయటికొచ్చి కర్రీ పాయింట్‌లో పప్పు లేదా ఆకుకూర పప్పు, రెండు పుల్కాలు. ఆ పావుగంట ఇవ్వడానికి అమ్మాయి చాలాసేపు బేరమాడింది. చివరికి వారానికి రెండు రాత్రులకు ఒప్పుకుంది.

పగటికి రెండే మార్పులు. టీని తిండికి గంట దూరం జరపడం, బజ్జీల బదులు ఉడికించిన శనగలో పల్లీలో ఒక జామకాయో. జామ సీజన్‌లో అంత చవకైన విటమిన్ సి ఇంకోటి లేదు. ఐరన్ మాత్ర రాత్రి తిన్న తర్వాత వేసుకునేలా ఫిజీషియన్‌తో మాట్లాడి మార్పించాం. కొంచెం తక్కువ పట్టినా ఫరవాలేదు, అసలు మానేయడం కంటే నయమని ఆవిడా అన్నారు.

తర్వాత మూడు నెలలు

పది రోజుల్లోనే పొద్దుటి ఉబ్బు తగ్గిందని మెసేజ్ పెట్టింది. ఉప్పు తగ్గితే ముందు కనిపించేది అదే, ఒంట్లో నిలిచిన నీళ్లు దిగుతాయి. నాలుగో వారానికి అర్ధరాత్రి బిస్కెట్లు వాటంతటవే పోయాయి. నేను వాటి గురించి ఒక్కమాట కూడా అనలేదు. ఆకలి లేకపోయాక చెయ్యి అటు పోలేదు, అంతే.

ఏడో వారం ప్రిలిమ్స్. ఆ ముందు ఐదు రాత్రులు వరసగా రెండు ప్యాకెట్లు, పూర్తి మసాలా. మొలకలు గుడ్డలోనే బూజు పట్టాయి. పరీక్ష అయ్యాక వచ్చి తలవంచుకొని చెప్పింది. నేను తప్పుపట్టలేదు. ఐదు రాత్రులు ఒక పరీక్ష కోసం అలా గడిస్తే కొంప మునగదు. ఆరో రాత్రి గుడ్డు ఉడికిందా లేదా అన్నదే నాకు కావాలి. ఉడికింది.

పన్నెండు వారాలకు హిమోగ్లోబిన్ 11.2. బరువు 56.4. బీపీ 116/76. మెట్లెక్కితే ఆయాసం లేదు. జుట్టు ఇంకా రాలుతోంది, కొంచెం తక్కువగా. జుట్టు తేరుకోవడానికి నెలలు పడుతుందని ముందే చెప్పాను. హిమోగ్లోబిన్ పెరిగింది ముఖ్యంగా మాత్రల వల్ల. గుడ్డు, మొలకలు, నిమ్మకాయ చేసింది ఆ మాత్ర కడుపులో నిలిచేలా చూడటం, తర్వాత మళ్లీ పడిపోకుండా కాపాడటం. ఈ తేడా చెప్పకపోతే రేపు ఇంకో అమ్మాయి 9.4 పెట్టుకొని మొలకల్ని నమ్ముకొని కూర్చుంటుంది. రక్తహీనత ఉంటే ముందు డాక్టరే.

నూడుల్స్ ఇప్పటికీ తింటోంది. వారానికి రెండు, ఎప్పుడైనా మూడు.

ఎవరికి ఇది చెప్పను

ఇదే నెలలో 52 ఏళ్ల ఒకాయన వచ్చారు. బీపీకి రెండు రకాల మందులు వాడుతున్నారు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ హద్దు దాటింది. భార్య ఊరెళితే నూడుల్సే ఆధారమట. ఆయనకు కెటిల్ చిట్కాలేవీ చెప్పలేదు. మసాలా ప్యాకెట్ జోలికే వెళ్లొద్దన్నాను. కిడ్నీ జబ్బు, గుండె బలహీనత, అదుపులో లేని బీపీ, గర్భంతో ఉన్నప్పుడు పెరిగే బీపీ ఉన్నవాళ్లకు రోజువారీ ఉప్పులో అంత జాగా ఉండదు. షుగర్ ఉన్నవాళ్లకు ఒక ప్యాకెట్ కూడా ఎక్కువే, సగం తిని మిగతా గిన్నె కూరగాయలు, గుడ్డుతో నింపుకోవాలి, తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌లో చూసుకోవాలి. రెండేళ్లలోపు పిల్లలకు అసలు వద్దు. బడిపిల్లలకు నెలకు రెండుమూడు సార్లు, అదీ కూరగాయలతో, ఇంట్లో భోజనం సరిగా జరుగుతున్నప్పుడు.

ఒంట్లో ఏ జబ్బూ లేని మనిషికి, రోజులో మిగతా రెండు పూటలూ అన్నం, పప్పు, కూర, పెరుగు దక్కుతున్నప్పుడు, వారానికి ఒకట్రెండు సార్లు సగం మసాలాతో గుడ్డో పప్పుగింజలో ఆకుకూరో కలిపి తినే నూడుల్స్ గురించి నేను బెంగపడను. పద్నాలుగు నెలలు అదొక్కటే రాత్రి భోజనమైతే బెంగపడతాను. ప్యాకెట్ రెండు చోట్లా అదే. జపాన్‌లో మొమొఫుకు ఆండో 1958లో మొదటి ఇన్‌స్టంట్ నూడుల్స్ అమ్మకానికి పెట్టారు. మన పోషకాహార సంస్థ కూనూరు నుంచి హైదరాబాద్‌కు మారింది కూడా ఆ ఏడాదే. ఈ రెండింటినీ నేను రోజూ ఒకే టేబుల్ మీద పెట్టుకొని పనిచేస్తున్నట్టు అనిపిస్తుంటుంది.

మొన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది. బతుకమ్మకు ఊరెళ్లి ఆ కెటిల్ నూడుల్స్‌నే పొయ్యి మీద చేసి తమ్ముడికి పెట్టిందట, వాడికి తెగ నచ్చిందట.

"ఒకటి అడగాలె మేడం. అమ్మ గూడ తింటనంటున్నది. తినొచ్చునా?"

"అమ్మకు బీపీ ఉందన్నావు కదా మొదటిరోజు?"

"ఉన్నది. గోలీ వేసుకుంటది. ఒక్కోరోజు మర్చిపోతది."

మసాలా అసలు వేయకుండా, జీలకర్ర, మిరియాలపొడి, వెల్లుల్లి వేసి, బిళ్లలో సగమే పెట్టమన్నాను. ఈసారి హైదరాబాద్ వచ్చేటప్పుడు అమ్మ బీపీ పుస్తకం తెమ్మన్నాను. గోలీ ఎందుకు మర్చిపోతోందో అమ్మతోనే మాట్లాడాలి.